పన్నెండు రోజుల సముద్రం

మా వదిన రోజూ పొద్దున్నే వీధివైపు కిటికీలకు పైనుంచి దిగే తెరలు సరిచేసేది. తెర అడుగు అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, ఒక్క లాగు లాగి వదిలేది. కింద రెండు కిటికీలు, పైన మూడు. అయిదూ అయ్యాక శాలువా కప్పుకుని బయటికి వెళ్ళి, వీధికి అవతలి పక్కన నిలబడి ఇంటిని చూసేది. ఏ తెరైనా వేలెడు ఎత్తుగా ఉంటే లోపలికొచ్చి మళ్ళీ లాగేది. అయిదు తెరలూ ఒకే గీత మీదికి వచ్చాకే మా ఇంట్లో టీ.

ఆ వేళ్ళ పట్టు ఆమెకు పుట్టింటి నుంచి వచ్చింది. ఆమె తండ్రి డెట్‌ఫర్డ్‌లో బట్టల కొట్టు నడిపేవాడు. పెళ్ళికి ముందు ఎనిమిదేళ్ళు ఆమె ఆ కొట్టు బల్ల వెనక నిలబడి రిబ్బన్లూ, అస్తరు గుడ్డలూ కొలిచింది. ఈ సంగతి తెలిసినవాళ్ళం ముగ్గురం. ఆమె, మా అన్నయ్య, నేను. ఎవరైనా అడిగితే, మా నాన్నగారు కెంట్‌లో ఉండేవారు అనేది. డెట్‌ఫర్డ్‌లో సగం కెంట్ కిందికే వస్తుంది. అబద్ధం కాదు.

ఆమె పేరు ఆగస్టా మెల్లిష్. మా అన్నయ్య హెర్బర్ట్ రేవు గిడ్డంగుల కంపెనీలో గుమాస్తా. నేను లెటీషియా, పెళ్ళికాని ఆడపడుచుని. పిల్లలు లేరు. కేంబర్‌వెల్‌లో కార్డిగన్ వరసలో పన్నెండో నంబరు ఇల్లు. ఆ వరసలో పనిమనిషి లేని ఇల్లు లేదు. ఉంటే అది మా వరస కాదు, వెనక వరస.

పద్నాలుగో నంబరు మిసెస్ డ్రూది. పెద్ద లాయరు గారి భార్య. ఆయన పోయి నాలుగేళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళను పాతవాళ్ళే ముందు వచ్చి పలకరించాలి. ఎదురు వెళ్ళి తలుపు తట్టడం మర్యాద తెలియనివాళ్ళ పని. మేం ఆ ఇంట్లోకి వచ్చి ఆరేళ్ళయింది. మిసెస్ డ్రూ ఒక్కసారీ రాలేదు. ఆదివారం చర్చి మెట్ల మీద ఎదురుపడితే గడ్డం అంగుళం వంచేది. అది నమస్కారమో, కాలర్ సర్దుకోవడమో చెప్పడం కష్టం. అయినా వదిన ఇంటికొచ్చాక అడిగేది: "ఇవాళ వంచింది కదూ, లెట్టీ?"

వచ్చినవాళ్ళు పేరు చీటీ వేసి వెళ్ళడానికి మా నడవలో ఒక పింగాణీ పళ్ళెం ఉండేది. మిసెస్ డ్రూ నడవలో వెండిది, అంచున ఐవీ ఆకులు చెక్కింది అని చూసినవాళ్ళు చెప్పేవారు. వదిన ఆ పళ్ళేన్ని చూడకుండానే దాని ఆకులెన్నో చెప్పగలిగేది.

పద్దెనిమిది వందల డెబ్భై నాలుగు ఆగస్టులో, ఏటా అందరూ వెళ్ళే సముద్రానికి మేం వెళ్ళలేకపోయాం. కుదరలేదు, అంతే. కానీ అన్నయ్య ఆఫీసులో పెద్దాయన మిస్టర్ పర్కిస్ జూన్‌లోనే అడిగేశాడు, ఈ ఏడు ఎక్కడికి మెల్లిష్ అని. రామ్స్‌గేట్ అన్నాడు అన్నయ్య. అప్పటికి పై కుర్చీ ఒకటి ఖాళీ అవబోతోంది. ఊరికి వెళ్ళలేని గుమాస్తాను ఎవరూ పై కుర్చీలో కూర్చోబెట్టరు.

ఉపాయం వదినది. మా పనిమనిషిని వాళ్ళమ్మ దగ్గరికి పంపేశాం. పాలు వద్దన్నాం, పత్రిక వద్దన్నాం. సోమవారం పదకొండు గంటలకు, వీధంతా చూస్తుండగా, గుర్రబ్బండి మీద పెట్టెలు కట్టించి బయల్దేరాం. అంతకుముందు వదిన అయిదు తెరలూ కిందికంటా దించింది. స్టేషన్‌లో పెట్టెలు సామాన్ల గదిలో పెట్టి, పార్కులో కూర్చుని, సందె మసకలో ఒక్కొక్కరం వెనక సందులోంచి ఇంట్లోకి వచ్చాం. పన్నెండు రోజులు నేల కింది వంటగదిలోనూ, దాని వెనక గిన్నెలు కడిగే గదిలోనూ బతికాం. పొగ కనపడకూడదని తెల్లవారక ముందే పొయ్యి వెలిగించి ఆర్పేసేవాళ్ళం. తర్వాత రోజంతా చల్లారిన మాంసం, రొట్టె, జున్ను. మాటలన్నీ గొంతు దించి.

మొదటి రెండు రోజులూ వేడుకగానే ఉంది. అన్నయ్య పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి, తొట్టిలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు.

"సముద్రం ఎలా ఉంది, అన్నయ్యా?" అన్నాను.

"సబ్బు వాసన కాస్త ఎక్కువ. మనుషులు మాత్రం తక్కువే."

వదిన నవ్వలేదు. ఆమె దగ్గర రామ్స్‌గేట్ గురించి ఒక చిన్న పుస్తకం ఉంది. మధ్యాహ్నం పూట మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి బడిపంతులులా అప్పగించుకునేది. రేవు గోడ మీద బ్యాండు ఎన్నింటికి? పదకొండింటికి, మళ్ళీ నాలుగింటికి. మనం దిగిన ఇంటావిడ పేరు? మిసెస్ గాల్. గదిలోంచి సముద్రం కనిపిస్తుందా? పక్కకు వంగితే కనిపిస్తుంది. ఆ వంగడం వదిన సొంతంగా చేర్చింది. అబద్ధానికి చిన్న లోటు ఉండాలి, అప్పుడే నిలబడుతుంది అంది.

మూడో రోజు పొద్దున పెరటి గోడ మీద ఒక గిన్నె కనిపించింది. క్యాబేజీ ఆకు కప్పి ఉంది. ఆకు తీస్తే ప్లమ్ పళ్ళు. గోడకు అవతల మిసెస్ డ్రూ పెరడు. అక్కడ ప్లమ్ చెట్టుంది.

ముగ్గురం ఆ గిన్నె చుట్టూ నిలబడ్డాం. ఎవరికో తెలిసింది.

"కెజియా," అంది వదిన.

కెజియా బన్స్ మిసెస్ డ్రూ పనిమనిషి. ముప్ఫై దాటిన మనిషి. ఎముకలు పెద్దవి, మాట తక్కువ. పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లోనే ఉంది. ఇస్త్రీ చేస్తూ చర్చి పాటలు పాడుకునేది. రెండిళ్ళకీ మధ్య గోడ పల్చన. ఆమె పాట మాకు వినిపించేది. మా అడుగుల చప్పుడు ఆమెకు వినిపించి ఉంటుంది.

"చెప్పేస్తుందంటావా?" అన్నాడు అన్నయ్య.

"చెప్పేదైతే పళ్ళు పెట్టదు," అన్నాను.

పళ్ళు తిన్నాం. అవి చాలా బాగున్నాయి. వదిన గిన్నెను వేణ్ణీళ్ళతో కడిగి, గుడ్డతో మెరిసేలా తుడిచి, మర్నాడు తెల్లవారగట్ల గోడ మీద పెట్టింది. దాని కింద చీటీ ఏదీ పెట్టలేదు.

అయిదో రోజు మొహానికి ముసుగు వేసుకుని నేను లేంబెత్ వెళ్ళాను. సముద్రానికి వెళ్ళినవాళ్ళు ఏదో ఒకటి తేవాలి. చిన్న కొట్టులో గవ్వలు అతికించిన పెట్టె అడిగాను.

"రామ్స్‌గేట్ కావాలా, మార్గేట్ కావాలా అమ్మా?" అన్నాడు కొట్టతను. "పెట్టె ఒకటే. మూత మీద అక్షరాలే వేరు."

రామ్స్‌గేట్ తీసుకున్నాను.

ఎనిమిదో రోజు జరిగింది నేను చూడలేదు. చూసింది వదిన. ఆమె మెట్లు దిగి వచ్చి చెప్పిందే చెప్తున్నాను.

మధ్యాహ్నం మూడు గంటలు. వదిన పై అంతస్తు వెనక గదికి దుప్పట్ల కోసం వెళ్ళింది. ఆ గది కిటికీ తెర కూడా దించే ఉంది. తెరకూ చట్రానికీ మధ్య వేలెడు సందు. అందులోంచి చూస్తే పక్కింటి పెరడు కనిపిస్తుంది. వంటగది తలుపు తెరుచుకుని కెజియా శాలువా బయటికొచ్చింది. ఎరుపూ గోధుమరంగూ గళ్ళ శాలువా, వీధి మొత్తానికి గుర్తే. దాని మీద కెజియా పాత బానెట్ టోపీ. శాలువా కింద పళ్ళెంలాంటిది ఏదో, రెండు చేతులతో అదిమిపట్టి ఉంది. కానీ గోడ అవతల కెజియా పాడుతూనే ఉంది. ఇస్త్రీపెట్టె బల్ల మీద ఆనుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది.

సందు తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసి, ఆ మనిషి వెనక్కి తిరిగింది. ముందు తన ఇంటి కిటికీలు చూసుకుంది. తర్వాత మావి.

మిసెస్ డ్రూ.

"నిన్ను చూసి ఉండదులే," అన్నాను.

"చూసింది, లెట్టీ. తల వంచింది."

పనిమనిషి శాలువాలో, వెనక సందు తలుపు దగ్గర, దించిన తెర వెనకున్న మనిషికి మిసెస్ డ్రూ అలవాటుగా తల వంచింది. ఈసారి అంగుళం కాదు, సరిగ్గా వంచిందట.

"నువ్వేం చేశావు?"

వదిన దుప్పటి మడత అంచులు కలిపింది.

"నేనూ వంచాను," అంది.

ఆ వేళ మేం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆవిడకూ ఏదో ఇబ్బంది వచ్చింది, తాకట్టు కొట్టుకు వెళ్తోంది అనుకున్నాం. అన్నయ్యకు జాలి కూడా వేసింది. ఆ రాత్రి మాత్రం వదిన ఏమీ తినలేదు.

పన్నెండో రోజు తెల్లవారకముందే సందులోంచి వెళ్ళి, స్టేషన్‌లో పెట్టెలు తీసుకుని, పదిన్నరకు గుర్రబ్బండిలో ఇంటి ముందు దిగాం. వదిన లోపలికి వెళ్ళి తెరలు పైకి లాగింది. అవతలి పక్కకు వెళ్ళి చూసింది. అయిదూ ఒకే గీత మీద ఉన్నాయి.

సోమవారం మూడున్నరకు మిసెస్ డ్రూ వచ్చింది.

ఆరేళ్ళు ఎదురుచూసిన గంట మోగితే వదిన లేవలేకపోయింది. నేనే వెళ్ళి తలుపు తీశాను. మా పనిమనిషి ఇంకా రాలేదని చెప్పుకున్నాను. ఆవిడ విననట్టే లోపలికొచ్చింది. చేతి తొడుగులు తీయకుండా కుర్చీ అంచున కూర్చుంది. పద్ధతి ప్రకారం పదిహేను నిమిషాలే కూర్చుంది.

సముద్రపు గాలి వదినకు బాగా పడిందంది. ఏ ఇంట్లో దిగారని అడిగింది. వదిన మిసెస్ గాల్ గారింట్లో అంది. తాను కూడా వెళ్ళాల్సిందే కానీ, పోయినాయన అన్నగారు ఇంటి సామాను లెక్కచూడటానికి వస్తానంటే ఆగిపోయానంది. వెండి సామాను వాళ్ళ వంశానిదట. ఆవిడ బతికినన్నాళ్ళు వాడుకోవచ్చు, అంతే.

"చీటీల పళ్ళెం కనిపించలేదు," అంది మిసెస్ డ్రూ. "నాకేం చెప్పాలో తెలియలేదు. పోయిందన్నాను. పోలీసులకు చెప్పాల్సిందేనన్నారు ఆయన. ఆపగలిగితే ఆపేదాన్ని."

వదిన గౌను మడత సర్దుకుంది.

"ఇంట్లో ఉన్నది నేనూ, కెజియా. ఇంకెవరున్నారు చెప్పండి." ఆవిడ చేతి తొడుగు గుండీ సర్దుకుంది. "మీరు ఊళ్ళో లేకపోవడమే మంచిదయింది మిసెస్ మెల్లిష్. అందరితోనూ అదే చెప్పాను, వాళ్ళు రామ్స్‌గేట్‌లో ఉన్నారని."

వదిన చేతులు ఒళ్ళో ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

"చాలా దయ మీది," అంది.

"గురువారం నేను ఇంట్లో ఉంటాను. నలుగురూ వస్తారు. మీరూ రావాలి."

ఆవిడ వెళ్ళాక పింగాణీ పళ్ళెంలో చీటీ ఉంది. వదిన దాన్ని మిగతా చీటీల మీద పెట్టి, బొటనవేలితో చూపుడువేలితో అంచులు కలిపింది.

పొద్దు ఇంకా ఉండగానే కెజియా వచ్చింది. వెనక తలుపు దగ్గర నిలబడింది, లోపలికి రాలేదు. గళ్ళ శాలువా భుజాల మీదే ఉంది. అప్పటికి పోలీసులు ఆమె పెట్టె వెతికి వెళ్ళారు. ఆ పొద్దున పళ్ళెం వాల్‌వర్త్‌లో ఒక తాకట్టు కొట్లో దొరికింది. తెచ్చింది ఎవరంటే, మొహం చూడలేదు, సరుకు చూశాను, శాలువా గళ్ళది అన్నాడట కొట్టతను. ఈ శాలువాయేనని పట్టి చూపించాడట. రెండు రోజుల్లో తీసుకెళ్తారు.

ఇదంతా కెజియా నాతో చెప్పింది. వదిన బల్ల దగ్గర నిలబడి కత్తులు తుడుస్తోంది. తర్వాత కెజియా వదిన వైపు తిరిగింది.

"పళ్ళు తియ్యగా ఉన్నాయా అమ్మగారూ?"

"ఏ పళ్ళు?" అంది వదిన.

"గిన్నె కడిగిచ్చారు కదండీ. అద్దంలా ఉంది. పనిమనిషి కడిగితే అంత బాగా రాదు." ఆమె నవ్వబోయి ఆగింది. "మీరు ఉన్న సంగతి నేనెవరికీ చెప్పలేదండీ. చెప్పను. అది మీరు చెప్పాల్సింది, నేను చెప్తే బాగోదు. కానీ ఆ వేళ మీ వెనక గది మెట్లు కిర్రుమన్నాయి. మూడింటికి. నేను కాలర్లు ఇస్త్రీ చేస్తున్నా. ఇంట్లోంచి నా శాలువా వేసుకుని వెళ్ళినవాళ్ళు ఎవరో మీకు కనబడి ఉంటారు."

"మేం రామ్స్‌గేట్‌లో ఉన్నాం, కెజియా."

కెజియా ఆమె చేతిలో కత్తిని చూసింది. తర్వాత గోడకు వేలాడుతున్న తొట్టిని చూసింది.

"అలాగేనండి," అంది. "మా అమ్మ నా దగ్గరే బతుకుతోంది, బెత్నల్ గ్రీన్‌లో. చూపు లేదు. జైలుకెళ్ళిన మనిషిని మళ్ళీ ఏ ఇంట్లో పెట్టుకుంటారండీ? మీకు తెలియంది కాదు. గురువారం పొద్దున కోర్టు. పదింటికి."

వెళ్ళేటప్పుడు తలుపు చప్పుడు చెయ్యకుండా వేసింది. మేం ఇంకా దాక్కున్నట్టే.

అన్నయ్య రాగానే వదిన అంతా చెప్పింది. చెప్పి, నేనేం చెయ్యనండీ అని అడిగింది. మాటవరసకు అడగలేదు. ఆ ప్రశ్న నిజంగానే అడిగింది. ఆమె నోరు విప్పితే కెజియా బయటపడుతుంది. విప్పితే, మేం ఆ పన్నెండు రోజులూ ఎక్కడున్నామో వీధికీ ఆఫీసుకీ తెలుస్తుంది.

అన్నయ్య మోచేతితో టోపీ నూగు సర్దుతూ ఉన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ పొద్దునే మిస్టర్ పర్కిస్ ఆయన భుజం తట్టి, రామ్స్‌గేట్ నీకు బాగా పడిందోయ్ అన్నాడు.

"రామ్స్‌గేట్ నుంచి కేంబర్‌వెల్ కనపడదు కదా ఆగస్టా," అన్నాడు.

నేనూ ఆ గదిలోనే ఉన్నాను. నేనూ ఏమీ అనలేదు.

బుధవారం కెజియాను తీసుకెళ్ళారు. వీధి తలుపులోంచే తీసుకెళ్ళారు. పనిమనుషులు వెనక తలుపు వాడాలి, కానీ పోలీసుకు ఆ పద్ధతి తెలియదు. ఎదుటి ఇళ్ళలో తెరలు కొద్దికొద్దిగా కదిలాయి. మా తెరలు కదలలేదు.

గురువారం పదింటికి వదిన ముదురు నీలం గౌను వేసుకుని, బానెట్ పెట్టుకుని, నడవలో కుర్చీలో కూర్చుంది. ఎక్కడికి వెళ్తున్నావని నేను అడగలేదు. పావు గంట అలాగే కూర్చుంది. లేచి తలుపు దాకా వెళ్ళింది. గొళ్ళెం మీద చెయ్యి వేసింది. మళ్ళీ వచ్చి కూర్చుంది. కోర్టుకు నడిస్తే ఇరవై నిమిషాలు.

పదకొండు దాటాక గంట మోగింది. ఒక పోలీసాయన, వయసు మళ్ళినవాడు, చెమట పట్టిన మెడతో మెట్ల మీద నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే బూట్లకు దుమ్ముందని గుమ్మంలోనే ఆగిపోయాడు.

"చిన్న మాట అమ్మగారూ. మీకు శ్రమ. ఆ కెజియా అనే మనిషి ఉంది చూడండి, తన తరపున చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా అని జడ్జిగారు అడిగితే, పక్కింటావిడను అడగండి అంది. ఏం అడగాలి అంటే చెప్పలేదు. ఆవిడ ఇష్టం అంది. అందుకని నన్ను పంపారు."

కెజియా మాట నిలబెట్టుకుంది. కోర్టులో కూడా మేం ఇంట్లో ఉన్నామని చెప్పలేదు.

"మీరు ఆ వేళ ఇంట్లో ఉన్నారా అమ్మగారూ?" అన్నాడాయన. "పదిహేడో తారీఖు, మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతం."

వదిన నోరు తెరిచింది. నేను ఆమె పక్కనే ఉన్నాను. ఆ క్షణంలో ఆమె చెప్పేస్తుందనే అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను. అప్పుడు మిసెస్ డ్రూ తలుపు తెరుచుకుంది. ఆవిడ నల్ల గౌనులో తన మెట్ల మీదికొచ్చి, చేతులు కట్టుకుని, వీధి చివరకు చూస్తూ నిలబడింది. బండి కోసం చూస్తున్నట్టు. మా వైపు తిరగలేదు.

"రామ్స్‌గేట్‌లో ఉన్నాం," అంది వదిన.

"వీధిలో అందరూ అదే అన్నారండీ. అయినా అడగాలి కదా."

ఆయన వెళ్ళబోయాడు. ఆయన అనుమానించలేదు. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది.

"లెట్టీ," అంది వదిన, "ఆ పెట్టె తెచ్చి చూపించు."

వెళ్ళి తెచ్చాను. ఆయన ఆ గవ్వల పెట్టెను రెండు చేతులతో అందుకుని, మూత మీద అక్షరాలు చదివాడు. రామ్స్‌గేట్ కానుక. పిల్లలకు చూపిస్తే సంతోషిస్తారు, మేం ఎప్పుడూ వెళ్ళలేదు అన్నాడు. జాగ్రత్తగా నా చేతికిచ్చి, టోపీ తాకి వెళ్ళిపోయాడు. పక్క మెట్ల మీద మిసెస్ డ్రూ లేదు.

నాలుగింటికి వదిన పద్నాలుగో నంబరుకు వెళ్ళింది. నేనూ వెళ్ళాను. తలుపు తీసింది కొత్త మనిషి. కొత్త ఏప్రన్‌కు మడతలు ఇంకా పోలేదు. నడవలో బల్ల మీద వెండి పళ్ళెం ఉంది. మధ్యాహ్నం కోర్టు ముగిశాక మిసెస్ డ్రూ బావగారు స్వయంగా తెచ్చి ఇచ్చాడట. ఐవీ ఆకులు అంచంతా ఉన్నాయి. కొత్త మనిషి దాన్ని ఎత్తి వదిన ముందు పట్టింది. వదిన తన చీటీ తీసి అందులో వేసింది. చీటీ వంకరగా పడింది. ఆమె దాన్ని సర్దలేదు.

లోపల అయిదుగురు ఆడవాళ్ళున్నారు. వదినను కిటికీ దగ్గర మంచి కుర్చీలో కూర్చోబెట్టారు. రామ్స్‌గేట్ గురించి అడిగారు. బ్యాండు పదకొండింటికి, మళ్ళీ నాలుగింటికి అంది వదిన. గదిలోంచి సముద్రం కనిపించేదా అని ఒకావిడ అడిగితే, పక్కకు వంగితే కనిపించేది అంది. అందరూ నవ్వారు. ఈ గదుల బేరాలు మాకూ తెలుసు అన్నారు.

మిసెస్ డ్రూ సోంపు కేకు ముక్క వదిన పళ్ళెంలో పెడుతూ, ఎవరూ అడగకుండానే చెప్పింది.

"నాలుగు నెలలట."

"తక్కువే," అంది ఒకావిడ. "పన్నెండేళ్ళు ఉప్పు తిని."

"మొహం చూస్తేనే తెలిసేది నాకు," అంది ఇంకొకావిడ.

వదిన కేకు తిన్నది. ముక్క మొత్తం తిన్నది. పళ్ళెంలో పొడి కూడా మిగల్చలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు గుమ్మం దాకా మిసెస్ డ్రూ సాగనంపింది. ఇక మీదట గురువారాలు మీరు రావాల్సిందే అంది. ఆ మాటకు వదిన తల వంచింది. ఆవిడా వంచింది. ఇద్దరూ ఒకే ఎత్తున వంచారు.

మర్నాడు శుక్రవారం. వదిన వీధివైపు తెరలు అయిదూ సరిచేసింది. శాలువా కప్పుకుని అవతలి పక్కకు వెళ్ళి చూసింది. ఒక్కసారికే సరిపోయాయి. లోపలికొచ్చి, టీ మాట ఎత్తకుండా, బొగ్గుల గదిలోంచి సుత్తీ మేకులూ తెమ్మని నన్ను అడిగింది. తెచ్చి ఇచ్చాను. పై అంతస్తు వెనక గదికి వెళ్ళింది. పక్కింటి పెరట్లో కొత్త మనిషి బకెట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు వస్తోంది. వదిన కిటికీ తెరను కిందికంటా దించి, అడుగు అంచును రెండు వేళ్ళతో పట్టుకుని సరిచూసింది. తర్వాత దాన్ని చట్రానికి మేకులతో బిగించడం మొదలుపెట్టింది. నాలుగో మేకు వంకరపోయింది. దాన్ని పీకి, సుత్తితో సాపు చేసి, అదే చోట మళ్ళీ కొట్టింది.